అమెరికా ధర్మాసనమును మానవుల హక్కులును

(మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)

   

ముప్పదియేండ్లకు పైగా బాలురచేత శబ్దములును ధాతువులును వల్లింపజేసి, పింఛను పుచ్చుకొని యింట గూర్చుండిన మమ్ము ఈ మహాసభయందు 'హక్కులు' అను విషయమును గూర్చి ప్రసంగింపుడని కార్యదర్శిగారు కోరిరి. మేము వకీలులము కాము. న్యాయశాస్త్రమన మాకు దెలిసినది గౌతముని న్యాయమే గాని కోర్టుల న్యాయము కాదు. అయినను మన కుటుంబములలో ననేకుల బిడ్డలు నేడు అమెరికాలో నివసించుచున్నారు. మా మనుమరాలును అచటనే జన్మించినది. ఆమె ఏ న్యాయముచేత నా దేశపు పౌరురాలయ్యెనో తెలిసికొనగోరి కొన్ని గ్రంథములు చదివితిమి. ఒక తీర్పు మఱియొక తీర్పునకు దారిచూపగా, తుదకు మన సభకు మిక్కిలి సంబంధించిన యొక మాట మా కంటబడినది. దానిని గూర్చి విన్నవించుటకే యీ విషయమును స్వీకరించితిమి. మా తప్పులను సభవారు మన్నింతురుగాక.

మేము కూతునింటికి బోయినపుడు వాషింగ్టను నగరమున సుప్రీంకోర్టు భవనమును జూచితిమి. 1935లో పూర్తియైన ఆ చలువరాతి మందిరపు నుదుట, చట్టము క్రింద అందఱకును సమన్యాయమను నర్థమిచ్చు నాలుగు మాటలు చెక్కబడియున్నవి. ఆ మెట్లపై నిలిచి మా అల్లునితో, "నాయనా, ఆ మాటలు రాతిపై చెక్కుటకు కొన్ని దినములే పట్టియుండును. అవి నిజమగుటకు ఎందఱి బ్రతుకులు పట్టినవో చూడవలెను" అంటిమి. నేడు మీకు జెప్పబోవునది ఆ బ్రతుకుల కథయే.

అమెరికా సంయుక్త రాష్ట్రముల రాజ్యాంగము 1787లో ఫిలడెల్ఫియా నగరమున వ్రాయబడి 1789లో నమలులోనికి వచ్చినది. మన రాజ్యాంగముతో బోల్చిన నది మిక్కిలి చిన్నది; సూత్రగ్రంథము వంటిది. 1791లో దానికి పది సవరణలు చేర్చబడినవి. వాక్స్వాతంత్ర్యము, మతస్వాతంత్ర్యము, పత్రికాస్వాతంత్ర్యము, సభలు జరుపుకొను స్వేచ్ఛ, తగిన కారణము లేక యిండ్లు సోదా చేయరాదనుట, తనకు విరుద్ధముగా దానే సాక్ష్యమీయ నక్కఱలేదనుట, నేరారోపణ పొందినవానికి న్యాయవాది సాహాయ్యముండవలెననుట మున్నగునవి యందలి ముఖ్యాంశములు. సూత్రమెంత సంక్షిప్తమో భాష్యమంత యావశ్యకము. పాణిని సూత్రములకు పతంజలి యెట్లో, ఆ రాజ్యాంగమునకు సుప్రీంకోర్టు అట్లు. అయితే వైయాకరణుడు తప్పినచో నొక శబ్దము చెడును. న్యాయమూర్తి తప్పినచో వేలకొలది మనుష్యుల బ్రతుకు చెడును.

ఈ భాష్యకారులకు అధికార మెట్లు వచ్చినది? 1801లో పదవి విడుచుచున్న దేశాధ్యక్షుడు జాన్ ఆడమ్స్ తన చివరి దినములలో కొందఱిని చిన్న న్యాయాధికారులుగా నియమించెను. వారిలో విలియం మార్బరీ యొకడు. నియామకపత్రముపై సంతకమైనది, ముద్ర పడినది. కాని పత్రము చేతికందలేదు. క్రొత్త అధ్యక్షుడగు జెఫర్సను కొలువులో కార్యదర్శియైన జేమ్స్ మాడిసను దాని నీయ నిరాకరించెను. మార్బరీ తిన్నగా సుప్రీంకోర్టున కెక్కెను. చిత్రమేమనగా, ఆ పత్రమును పంపించుటకు వేళ చాలని పూర్వపు కార్యదర్శి జాన్ మార్షలే యిపుడు ప్రధాన న్యాయమూర్తి! 1803లో నాయన చెప్పిన తీర్పు ఇది: మార్బరీకి పత్రమునందు హక్కు కలదు, హక్కున్నచోట పరిహారముండవలెను, కాని యిట్టి దావాను తొలుతనే సుప్రీంకోర్టులో వేయవచ్చునన్న శాసనము రాజ్యాంగమునకు విరుద్ధము గావున చెల్లదు.

శ్రుతికిని స్మృతికిని విరోధము వచ్చినపుడు శ్రుతియే బలీయమని మన మీమాంసకులు నిర్ణయించిరి. మార్షలు చేసినదియు నదియే. రాజ్యాంగము శ్రుతి, శాసనసభ చేసిన చట్టము స్మృతి. రెంటికిని పొసగనపుడు స్మృతిని త్రోసివేయు నధికారము న్యాయస్థానమునకు గలదని నాడు స్థిరపడినది. మార్బరీకి ఉద్యోగము రాలేదు గాని లోకమునకొక ధర్మము లభించినది.

ఇంతటి యధికారమును సంపాదించిన ధర్మాసనము దానిని దీనుల పక్షమున వెంటనే వినియోగించెనా? లేదు. 1833లో బాల్టిమోరు రేవు యజమాని యొకని వ్యాజ్యెమున, ఆ పది సవరణలు కేంద్రప్రభుత్వమునే గాని రాష్ట్ర ప్రభుత్వములను బంధింపవని మార్షలే తీర్పు వ్రాసెను. 1857 నాటి తీర్పు ఇంకను ఘోరమైనది. డ్రెడ్ స్కాట్ అను నల్లజాతి బానిసను అతని యజమానియగు సైనిక వైద్యుడు బానిసత్వము నిషిద్ధమైన ప్రాంతములకు గొనిపోయి కొన్నియేండ్లు నివసింపజేసెను. ఆ నేలను త్రొక్కినంతనే తాను స్వతంత్రుడనైతినని స్కాట్ 1846లో దావా వేసెను. పదునొకండేండ్లు గడచినపిమ్మట సుప్రీంకోర్టు ఏడుగురు ఒకవైపును ఇద్దఱొకవైపును జేరి, నల్లజాతివాడు ఆ దేశపు పౌరుడే కాజాలడు గావున దావా వేయుటకే యర్హుడు కాడని చెప్పినది. ప్రధాన న్యాయమూర్తి టానీ ఈ వివాదమును శాశ్వతముగా నణచివేయ దలచెను. నాలుగేండ్లు గడచినంతనే దేశమంతయు అంతర్యుద్ధమున మునిగినది. కోర్టు కాదన్న విడుదలను ఆ సంవత్సరమే క్రొత్త యజమాని స్కాటునకు గలిగించెను. మఱుసటియేట నతడు మరణించెను.

యుద్ధానంతరము మూడు సవరణలు వచ్చినవి. 1865 నాటి పదుమూడవది బానిసత్వమును నిర్మూలించినది. 1870 నాటి పదునైదవది వర్ణమును బట్టి వోటును నిరాకరింపరాదన్నది. వీని నడిమిదగు 1868 నాటి పదునాలుగవది మనకు ముఖ్యము. ఆ దేశమున బుట్టి దాని యధికారమునకు లోబడినవారందఱును పౌరులే యనియు, ఏ రాష్ట్రమును ఏ వ్యక్తిని విధ్యుక్త న్యాయక్రమము లేక ప్రాణ స్వాతంత్ర్య ధనములనుండి తొలగింపరాదనియు, తన యధికారసీమలోని ఏ వ్యక్తికిని చట్టముల సమరక్షణమును నిరాకరింపరాదనియు నది శాసించినది. 'ఏ పౌరునకును' అనక 'ఏ వ్యక్తికిని' అనిన యా యొక్క మాటలో నెంత బలము కలదో మీరే చూతురు.

శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున చీనావారు పలువురు బట్టలుతుకు లాండ్రీలు నడపి జీవించుచుండిరి. కొయ్య యిండ్లలో లాండ్రీ నడపువారు అధికారుల యనుమతి పొందవలెనని నగరపాలకులు నియమము చేసిరి. నియమమున చీనావాడను మాటయే లేదు. అగ్నిభయ నివారణకని చెప్పిరి. కాని రెండువందల మంది చీనావారు దరఖాస్తు పెట్టగా నొక్కనికిని అనుమతి రాలేదు. ఇతరులు ఎనుబదిమంది పెట్టగా నొక్కరికి దప్ప నందఱకును వచ్చినది. యిక్ వో అను పేర వ్యవహరింపబడిన లాండ్రీవాడు జరిమానా కట్టనని కారాగారమునకు బోయి వ్యాజ్యెము నడపెను. 1886లో సుప్రీంకోర్టు ఏకగ్రీవముగా నాతని గెలిపించినది. చట్టపు ముఖము నిర్మలముగా నున్నను, దానిని నడపు చేయి పక్షపాతముగలదైనచో సమత్వము భంగమైనట్లే యని తీర్పు. అతడు ఆ దేశపు పౌరుడు కాడు, 'వ్యక్తి' మాత్రమే. ఆ మాటయే యాతని గాచినది.

పదియేండ్లకే ధర్మాసనము మరల దారి తప్పినది. లూయిసియానా రాష్ట్రమున తెల్లవారికిని నల్లవారికిని రైలుపెట్టెలు వేఱుగా నుండవలెనని 1890లో చట్టము చేసిరి. దానిని ప్రశ్నించుటకు న్యూ ఆర్లియన్సు నగరమున నొక పౌరసమితి యేర్పడినది. వారి నిర్ణయానుసారము హోమర్ ప్లెస్సీ యనునతడు 1892లో తెల్లవారి పెట్టెలో గూర్చుండెను. అతని రక్తమున నెనిమిదవ పాలు మాత్రమే ఆఫ్రికా జాతిది. అతనిని దింపి నిర్బంధించిరి. 1896లో సుప్రీంకోర్టు, వేఱుగా నుంచినను సమానముగా నుంచిన దోషము లేదనియు, వేఱుచేయుటలో నవమానమున్నదని నల్లవారు తలచినచో నది వారి భావన మాత్రమే యనియు జెప్పినది. ఏడుగురు ఆ పక్షమున నుండగా నొక్కడు విభేదించెను. ఆయన పేరు జాన్ మార్షల్ హార్లను. బానిసలను గలిగిన కుటుంబమున బుట్టినవాడు. ఆయన వ్రాసినదాని సారమిది: ఈ రాజ్యాంగమునకు వర్ణభేదము కనబడదు; పౌరులలో తరగతులను అది యెఱుగదు, సహింపదు; ఇచట కులము లేదు.

సభాసదులారా! మేము మొదట జెప్పిన మాట యిదియే. ఆ న్యాయమూర్తి వ్రాసిన యింగ్లీషు పదము మన కులమును దెలుపు పదమే. తమ దేశమున నుండగూడని దానికి పేరు కావలసివచ్చినపుడు ఆయన మన దేశపు వ్యవస్థకు వాడు పేరునే యెత్తుకొనెను. కులసంఘపు మహాసభలో నిలిచి యీ మాట చెప్పుటకు మాకు కొంత జంకు గలిగినది. అయినను సభలో గూర్చుండి సభకు బనికివచ్చు మాట దాచుట గురువృత్తి చేసినవానికి తగదని చెప్పుచున్నాము.

ఆ హార్లనునే మనము దేవునిగా జేయనక్కఱలేదు. ఆ భిన్నాభిప్రాయములోనే చీనావారిని గూర్చి చులకనగా వ్రాసెను. రెండేండ్లకు వాంగ్ కిమ్ ఆర్క్ అను వంటవాని వ్యాజ్యెము వచ్చినది. అతడు శాన్‌ఫ్రాన్సిస్కోలో చీనా తల్లిదండ్రులకు బుట్టినవాడు. చీనాకు బోయి 1895లో తిరిగి రాగా, నీవు పౌరుడవు కావని రేవులో నాపిరి. 1898లో ఆర్గురు న్యాయమూర్తులు, ఆ నేలపై బుట్టినవాడు తల్లిదండ్రుల జాతితో నిమిత్తము లేక పౌరుడే యని తీర్పుచెప్పిరి. విభేదించిన యిద్దఱిలో హార్లనొకడు! ఒక దీనుని బాధను గుర్తించిన కన్ను మఱియొక దీనుని బాధను గుర్తింపలేదు. ఇది మనుష్య స్వభావము; మనయందును గలదు.

మా మనుమరాలి పౌరసత్వమునకు ఆధారము ఆ వంటవాడే. 2025 జనవరిలో, తాత్కాలిక వీసాలపై నుండు దంపతుల శిశువులకు పౌరసత్వము నిరాకరింపబూని దేశాధ్యక్షు డొక యాజ్ఞ వెలువరింపగా, పలు న్యాయస్థానములలో దావాలు దాఖలైనవి. మన తెలుగు కుటుంబములు ఎన్నియో కలతజెందినవి. ఆ వివాదమందంతటను పలుకబడిన పేరు వాంగ్ కిమ్ ఆర్క్. ఆ వంటవాడు నాడు భయపడి యూరకున్నచో మన బిడ్డల పక్షమున బలుకుటకు ఆధారమేది?

ఇక మనవాని కథ. పంజాబునుండి 1913లో అమెరికాకు బోయిన భగత్‌సింగ్ థిండ్ మొదటి ప్రపంచయుద్ధకాలమున ఆ దేశపు సైన్యమున జేరి కొలువుచేసెను. అతడు పౌరసత్వము కోరెను. నాటి చట్టము తెల్లవారికిని, 1870 తరువాత ఆఫ్రికా సంతతివారికిని మాత్రమే దాని నిచ్చుచుండెను. 1922 నవంబరులో ఒజావా యను జపానుదేశీయుని వ్యాజ్యెమున సుప్రీంకోర్టు, తెల్లవాడనగా కాకేసియా జాతివాడని చెప్పియుండెను. అది చూచి థిండ్ పక్షమువారు, భారతదేశపు అగ్రవర్ణులు ఆర్యులు, ఆర్యులు కాకేసియా జాతివారు, కావున నతడు తెల్లవాడే యని వాదించిరి. అంతటితో నాగక, అగ్రవర్ణపు హిందువు తన దేశపు ఆదిమజాతివారిని వివాహ విషయమున నెట్లు దూరముంచునో, అమెరికా తెల్లవాడు నల్లవాని నట్లే దూరముంచునని గూడ విన్నవించిరి. అనగా, మీ గోడ కూల్చుడని వారడుగలేదు. మమ్మును గోడకు లోపలివైపున నిలుపుడని యడిగిరి.

1923 ఫిబ్రవరి 19వ తేదీన సుప్రీంకోర్టు ఏకగ్రీవముగా నాతని వాదమును త్రోసివేసినది. మూడు మాసములకు పూర్వము శాస్త్రము ప్రమాణమన్న ధర్మాసనమే యిపుడు శాస్త్రము ప్రమాణము కాదు, సామాన్యజనుల వాడుకయే ప్రమాణమన్నది. అది యన్యాయమే, సందేహము లేదు. అదివఱకే పౌరులైన పలువురు భారతీయుల పౌరసత్వముగూడ దాని మూలమున దీసివేయబడినది. థిండ్ మాత్రము సైనికుల కొఱకైన చట్టముచేత 1936లో పౌరుడయ్యెను. 1946లో గాని భారతీయులకు ఆ దేశమున పౌరసత్వపు ద్వారము తెఱవబడలేదు. కాని మనమొక మాట నాలోచింపవలెను. తనకంటె క్రిందివారిని జూపి పైమెట్టు నడిగినవానికి, తనకంటె పైవారు అదే న్యాయమును జూపి త్రోసివేసిరి. భేదమును ప్రమాణముగా నంగీకరించినవాడు ఆ భేదము తనపై బడినపుడు దేనిని శరణు వేడును?

దీనికి ప్రతిగా నల్లజాతివారు అనుసరించిన మార్గమును జూడుడు. వారి పక్షమున 1909లో నొక జాతీయ సంఘము స్థాపింపబడినది. అదియు మనదివలె చందాలతో నడచిన సంఘమే. చార్లెస్ హామిల్టన్ హూస్టను అను న్యాయాచార్యుడు, ఆయన శిష్యుడు థర్గుడ్ మార్షలును గోడను ఒక్కసారి కూల్పజూడక, ఒక్కొక్క యిటుకయే తీయ నారంభించిరి. 1938లో మిస్సోరీ రాష్ట్రమున లాయిడ్ గెయిన్సు అను విద్యార్థికి న్యాయకళాశాల ప్రవేశము నిరాకరించి, పొరుగు రాష్ట్రమున జదువుకొనుము, జీతము మేము కట్టెదమనిరి. అది చెల్లదని సుప్రీంకోర్టు చెప్పినది. 1950లో ఓక్లహామా విశ్వవిద్యాలయమున మెక్లారిను అను నుపాధ్యాయుని వ్యాజ్యెము వచ్చినది. అతనిని చేర్చుకొనిరి గాని తరగతి ప్రక్కనున్న మూలగదిలో గూర్చుండబెట్టిరి. గ్రంథాలయమున నొక వేఱు బల్ల. భోజనశాలయందు వేఱు బల్ల, వేఱు వేళ. ఇట్లు చేయుట సమరక్షణము కాదని న్యాయమూర్తులందఱు నేకకంఠముగా జెప్పిరి.

ఈ వేఱు బల్ల కథ చదివిననాడు మాకు నిద్రపట్టలేదు. కారణము చెప్పెదము. మేము ఉద్యోగమున జేరిన తొలిదినములలో నొక గ్రామ పాఠశాలయందు మంచినీళ్ల కుండ యుండెడిది. కొందఱు పిల్లలు ముంత ముంచుకొని త్రాగెడివారు. కొందఱు పిల్లలు దోసిలి పట్టగా మఱియొకరు పైనుండి పోసెడివారు. ఎవరును ఎవరికిని చెప్పినది లేదు, ఆచారమట్లు నడచుచుండెను. మేము తరగతిలో సమత్వమును గూర్చిన పద్యములకు ప్రతిపదార్థము చెప్పి, వెలుపలికి వచ్చి ఆ దోసిళ్లను జూచుచు నొక సంవత్సరము మిన్నకుంటిమి. తుదకు వేఱొక యుపాధ్యాయిని వచ్చి మొదటి దినముననే ముంత ఆ పిల్లలచేతి కిచ్చినది. ఆకాశము విఱిగి పడలేదు. ఆమె చేసిన పని మేమేల చేయలేకపోతిమో యను ప్రశ్న నేటికిని మమ్ము విడువలేదు.

1954 మే 17వ తేదీ తీర్పునకు వత్తము. అయిదు ప్రాంతముల వ్యాజ్యెములు కలిసి సుప్రీంకోర్టునకు వచ్చినవి. కాన్సాసు రాష్ట్రపు టొపీకా నగరమున ఆలివర్ బ్రౌన్ అనునతడు తన కూతునకు ఇంటికి దగ్గఱనున్న తెల్లవారి పాఠశాలలో ప్రవేశము నీయలేదని దావా వేసెను. దక్షిణ కరొలైనాలో వివాదము తమ పిల్లలకు బడిబస్సు కావలెనని తల్లిదండ్రులడుగుటతో మొదలైనది. అచట వాదియైన హ్యారీ బ్రిగ్సును పెట్రోలు బంకు పనినుండి తొలగించిరి. అతని భార్యకును పని పోయినది. ప్రధాన న్యాయమూర్తి ఎర్ల్ వారెను, పిల్లలను వేఱుచేయుటయే యసమానత్వమని తొమ్మండుగురి పక్షమున జెప్పెను. ఐదుకోట్ల రూపాయల భవనము కట్టించి యిచ్చినను, నీవు మాతో గూర్చుండదగవని చెప్పిన పిల్లవాని మనస్సునకు తగిలిన దెబ్బ మానదని దాని భావము. యాబదియెనిమిదేండ్లకు హార్లను పూర్వపక్షము సిద్ధాంతమైనది. నాడు వాదించిన థర్గుడ్ మార్షల్ 1967లో నదే ధర్మాసనముపై తొలి నల్లజాతి న్యాయమూర్తిగా గూర్చుండెను.

తీర్పుతోనే కార్యము ముగియలేదు. 1957లో లిటిల్‌రాక్ నగరమున తొమ్మిదిమంది పిల్లలను బడిలోనికి బంపుటకు దేశాధ్యక్షుడు సైన్యమును దింపవలసివచ్చినది. తీర్పు దారి చూపును, నడువవలసినవారు మనుష్యులే.

మఱి రెండు మూడు తీర్పులను సంగ్రహముగా జెప్పెదము. 1940లో, తమ మతనియమము ననుసరించి జెండాకు వందనము చేయని బాలురను బడినుండి తొలగించుట సబబేయని సుప్రీంకోర్టు చెప్పినది. స్టోన్ అను న్యాయమూర్తి యొక్కడే విభేదించెను. మూడేండ్లు తిరిగినంతనే 1943లో, ముగ్గురు న్యాయమూర్తులు తమ పూర్వాభిప్రాయమును మార్చుకొనగా, భక్తిని బలవంతముగా పలికింపరాదని అదే కోర్టు తీర్పిచ్చినది. యుద్ధము జరుగుచుండగా వచ్చిన తీర్పది! 1986లో మన సుప్రీంకోర్టున కేరళ బాలుర వ్యాజ్యెము వచ్చినది. జాతీయగీతము పాడునపుడు వినయముగా నిలిచి, పాడక యూరకున్నందుకు వారిని బడినుండి తొలగించిరి. న్యాయమూర్తి చిన్నపరెడ్డిగారు ఆ యమెరికా తీర్పును బరిశీలించి, బాలురను మరల జేర్చుకొనుడని యాజ్ఞాపించిరి. ఆయన పూర్వము మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టున న్యాయమూర్తిగా నుండినవారే.

ఫ్లారిడాలో క్లారెన్స్ గిడియను అను పేదవానిపై 1961లో దొంగతనపు నేరము మోపిరి. వకీలు నిచ్చుటకు ధనము లేదు, కోర్టువారిప్పింపుడని వేడగా నిరాకరించిరి. తానే వాదించుకొని యోడి అయిదేండ్ల శిక్ష పొందెను. కారాగారమునుండి పెన్సిలుతో సుప్రీంకోర్టునకు అర్జీ వ్రాసెను. 1963లో, పేదవానికి వకీలు లేక జరిగిన విచారణ న్యాయవిచారణ కాదని న్యాయమూర్తులందఱు నొక్కమాటగా జెప్పిరి. మరల విచారణ జరిగి, ఈసారి వకీలుండగా జూరీవారు అతనిని నిర్దోషియని విడిచిపుచ్చిరి. వర్జీనియాలో మిల్డ్రెడ్, రిచర్డ్ లవింగు దంపతులు భిన్నజాతులవారు. 1958లో వివాహము చేసికొన్నందుకు శిక్ష విధించి, యిరువదియైదేండ్లు కలిసి రాష్ట్రమున నడుగిడరాదనిరి. 1967లో సుప్రీంకోర్టు, వివాహస్వేచ్ఛ మానవునకు మూలభూతమైన హక్కుయని చెప్పి, నాటికి పదునాఱు రాష్ట్రములలో మిగిలియున్న అట్టి చట్టములను చెల్లకుండ జేసినది. ఇది పెద్దలకు రుచింపని మాట కావచ్చును. మా యింటిలోను ఈ ప్రశ్న వచ్చినపుడు మాకును తొలుత రుచింపలేదు.

ఇంతమాత్రమున న్యాయస్థానమే సర్వరక్షకమని భ్రమపడరాదు. 1944లో జపాను సంతతివారిని, పౌరులనుగూడ, తమ యిండ్లనుండి వెడలగొట్టిన యాజ్ఞను కొరెమాట్సు వ్యాజ్యెమున నిదే సుప్రీంకోర్టు సమర్థించినది. ముగ్గురు విభేదించిరి. అతనిపై నేరనిర్ణయము 1983లో రద్దయ్యెను. ఆ తీర్పు తప్పని సుప్రీంకోర్టు 2018లో జెప్పినది. బ్రౌన్ తీర్పు వ్రాసిన వారెను సైతము 1942లో కాలిఫోర్నియా అధికారిగా ఆ తరలింపును సమర్థించినవాడే. తరువాత తన స్వీయచరిత్రలో పశ్చాత్తాపమును దెలిపెను. మఱియు, 1973లో గర్భస్రావ విషయమున గుర్తింపబడిన హక్కు 2022లో అదే కోర్టుచేత రద్దుచేయబడినది. ఆ తగవులో మేము పక్షము వహింపము. ధర్మాసనము ఇచ్చినదానిని ధర్మాసనమే తీసికొనగలదని మాత్రము చెప్పుచున్నాము. హక్కును గాపాడుకొను భారము ప్రతి తరమువారిపైనను గలదు.

ఆ దేశపు తీర్పుల ఫలము మనకును జేరినది. మన రాజ్యాంగపు 14వ అధికరణములోని 'చట్టముల సమరక్షణ' మను మాట ఆ పదునాలుగవ సవరణనుండి వచ్చినదే. మన రాజ్యాంగ సలహాదారు బెనెగళ్ నరసింగరావుగారు 1947లో అమెరికాకు బోయి న్యాయమూర్తి ఫ్రాంక్‌ఫర్టరుతో మాటలాడిన పిమ్మట, విధ్యుక్త న్యాయక్రమమను మాటకు బదులు 'చట్టము నిర్ణయించిన పద్ధతి' యను మాట మన 21వ అధికరణమున జేరినది. 1978లో మేనకాగాంధీ వ్యాజ్యెమున మన సుప్రీంకోర్టు, ఆ పద్ధతి న్యాయసమ్మతముగా నుండి తీరవలెనని భాష్యము చెప్పినది.

సోదరులారా! మా విన్నప మొక్కటియే. థిండ్ తనవారి కొఱకు మినహాయింపు కోరి యోడెను. యిక్ వో, బ్రౌన్, గిడియను అందఱకును జెల్లు ధర్మమును కోరి, తమతోపాటు లక్షలమందిని గెలిపించిరి. సంఘములు రెండు విధములు: గోడలోపల స్థలమడుగునవి యొకటి, గోడకు ద్వారము పెట్టునవి యొకటి. మన సంఘము ఏ కోవకు జేరవలెనో నిర్ణయించుకొనదగిన వేళ యిది.

కావున పోషక మహాశయుల యెదుట రెండు ప్రార్థనలు. మన విద్యార్థి వసతిగృహమున ప్రతియేట కొన్ని స్థానములను ఇతర కులములలోని నిరుపేద బాలబాలికల కీయుడు. వారిని మన పిల్లల పంక్తిలోనే కూర్చుండబెట్టుడు, వేఱు బల్ల వలదు. రెండవది, మన నిధిలో కొంత భాగమును, వకీలు నుంచుకొనలేక కారాగారమున మ్రగ్గు పేదవారికై, ఏ కులమని యడుగక వినియోగింపుడు. ఇందుకు మా పింఛనులో నొకనెల మొత్తమును నేడే కార్యదర్శిగారి చేతి కిచ్చుచున్నాము. అది చిన్న మొత్తమే. ఆనాడు ఆ పాఠశాలలో మేమీయని ముంతకు బదులుగా స్వీకరింపుడు.